కేబుల్ కింద పీరు

మామూ,

నువ్వు పోయాక వచ్చిన మొదటి పీర్ల పండగ నిన్నటితో అయిపోయింది. నీ స్నేహితుడు సుబ్బయ్య మామయ్య పెద్దపీరును ఎత్తుకున్నాడు. చావిడి నుంచి కాలువ దాకా నీలాగే దాన్ని ఎక్కడా వంచకుండా తీసుకెళ్తానని పొద్దుటి నుంచీ అందరికీ చెబుతూనే ఉన్నాడు.

తీరా కాలువ గట్టెక్కాక ఆగిపోయాడు. ఎదురుగా గట్టుకు అడ్డంగా, పీరు కొనకంటే కిందుగా కొత్త ఇంటర్నెట్ కేబుల్ ఉంది.

అది ప్రభుత్వ గట్టు కాబట్టి, దాని మీదుగా కేబుల్ వేయాలంటే మా ఇరిగేషన్ ఆఫీసు అనుమతి ఇవ్వాలి. విజయవాడ నుంచి వచ్చి, స్థలం చూసి, సంతకం పెట్టింది నేనే. వరిగడ్డి ట్రాక్టర్‌కి తగలకూడదని దగ్గరుండి ఎత్తు కొలిపించాను. పీరు గుర్తుకు రాలేదు. ఇదే గట్టు మీద కరెంటు తీగలు పీరుకు తగులుతున్నాయని ఆఫీసుల చుట్టూ తిరిగి వాటిని ఎత్తు చేయించినవాడివి నువ్వు. నీ వెంట తిరిగిన పిల్లను నేను.

డప్పులు ఆగిపోయాయి. "ఎవరండీ దీనికి పర్మిషన్ ఇచ్చింది?" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

సుబ్బయ్య మామయ్య ఆడవాళ్ల మధ్య ఉన్న నన్ను చూశాడు. "అరవకండయ్యా, మన పిల్లే ఇచ్చింది. అన్నీ చూసుకునే ఇచ్చుంటుంది. ఏమ్మా?" అన్నాడు.

అందరూ నావైపు తిరిగారు. నేను అవునన్నట్టు తల ఊపాను, మామూ.

అప్పుడు వంచాడు ఆయన, పీరును.