ఆవిడలో ఒక్క లోపం

చిరంజీవి బావమరిదికి,

మీ బావ దీవించి రాసేది. నేను బాగానే ఉన్నాను. నువ్వూ, నీ సెలూనూ, నీ నోరూ బాగున్నాయని తలుస్తాను.

ఒక విశేషం. కథలు రాసేవాళ్ళ సంఘంలో చేరాను. నవ్వకు. ముప్పై ఏళ్ళు ఈ ఊళ్ళో ప్రతి దుకాణానికీ బోర్డు రాసినవాణ్ణి, నాకు రాయడం కొత్తా? మీ అక్క పోయి పద్నాలుగు నెలలైంది. శనివారం మధ్యాహ్నాలు ఇంట్లో గోడల్ని చూస్తూ కూర్చుంటే, దేనికి ఏ రంగు వేస్తే బాగుంటుందన్న ఆలోచన తప్ప ఇంకోటి రావడం లేదు. అందుకని లైబ్రరీకి పోయాను. లోపలి గదిలో ముగ్గురు కూర్చుని ఒకరి కథ ఒకరికి చదువుకుంటున్నారు. లైబ్రేరియను, ఒక పళ్ళ డాక్టరు, ఒక నర్సమ్మ. నేను నాలుగోవాణ్ణి.

ఒకరు చదవాలి, మిగతావాళ్ళు బాగోగులు చెప్పాలి. చదివినవాడు అంతసేపూ నోరు మూసుకుని వినాలి. అదీ నియమం. పళ్ళ డాక్టరుకి ఇది మహా ఇష్టం. పాపం, రోజంతా నోళ్ళు తెరుచుకున్నవాళ్ళనే చూస్తాడు కదా.

నిన్న నా కథ చదివాను. ఒక మొగుడూ పెళ్ళాల కథ. పెళ్ళాం మీ అక్కే అనుకో. అందరూ ఆవిడ దగ్గరే పట్టుకున్నారు. "ఈవిడ కోప్పడదు, అలగదు, అబద్ధమాడదు. ఇలాంటి మనిషి ఎక్కడైనా ఉంటుందా? ఒక్క లోపమైనా పెట్టండి సార్," అంది నర్సమ్మ. వారం గడువిచ్చారు. వెతుకుతున్నాను, దొరకడం లేదు. నీకేమైనా గుర్తుంటే రాయి.

ఇట్లు,
మీ బావ

తా.క.: ఎనిమిది మంది చేరకపోతే ఆ గదిని చదరంగం వాళ్ళకిచ్చేస్తారట. నువ్వు ఈ ఊళ్ళో ఉంటే చెయ్యి పట్టి లాక్కెళ్ళేవాణ్ణి. కాకపోతే ఆ నోరు మూసుకునే నియమం దగ్గరే నీతో చిక్కు.

*

బావా,

నమస్కారం. నీ ఉత్తరం చదువుతుంటే చేతిలో కత్తి జారింది. కుర్చీలో పోస్ట్‌మాస్టరుగారు. ఏదో ఆయనకి ఆయుష్షుంది.

మా అక్కలో లోపం వెతకడానికి ఆ నర్సమ్మ ఎవరు? లోపాలు కావాలంటే వాళ్ళ వాళ్ళ ఇళ్ళల్లో వెతుక్కోమను, గంపలకొద్దీ దొరుకుతాయి. అమ్మ పోయాక నాకు తల దువ్వి బడికి పంపిన మనిషి. ఆ మనిషిని నలుగురిలో కూర్చోబెట్టి వంకలు పెడుతుంటే నువ్వు నియమం పేరు చెప్పి నోరు మూసుకుని కూర్చున్నావా?

నీ ఉత్తరం షాపులో గట్టిగా చదివాను. ఎప్పుడూ ఉన్నదే, నీ ఉత్తరాలంటే ఇక్కడ అందరికీ పేపరు కంటే ఇష్టం. ప్లంబరు మాత్రం "మనిషన్నాక ఏదో ఒక లోపం ఉండదా" అన్నాడు. ఒక చెవి పక్క జుట్టు కత్తిరించి, రెండో పక్క అలాగే వదిలేసి పంపించాను.

ఇట్లు,
నీ బావమరిది

తా.క.: బాగా ఆలోచించాను. మా అక్కలో ఒకే ఒక్క లోపం కనబడింది. నిన్ను చేసుకోవడం. కావాలంటే అది రాసుకో.

*

చిరంజీవి బావమరిదికి,

నువ్వు రాసిన లోపం సంఘంలో చదివాను. అందరూ మెచ్చుకున్నారు. కానీ అది మొగుడి లోపమట, లెక్కలోకి రాదట.

పని మధ్యలో నిచ్చెన మీదే కూర్చుని రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే ఏమనుకోకు. మూడు శనివారాలైనా మా వ్యవహారం తేలడం లేదు. చివరికి నర్సమ్మే ఒక దారి చూపించింది. "ఆవిణ్ణి ఇంక వదిలేయండి. ఆ చోట్లోకి ఇంకొకావిణ్ణి తీసుకురండి. కాస్త చిన్న వయసు, కాస్త నోరున్న మనిషైతే మంచిది," అంది. పళ్ళ డాక్టరు కూడా "పాతావిణ్ణి పట్టుకుని వేలాడితే మీరు ముందుకు పోలేరు" అన్నాడు. మొదట నాకు మనసొప్పలేదు. కానీ మొన్న పొద్దున్న ఒకావిడ వచ్చేసింది. ఎర్ర గొడుగు, గట్టి గొంతు. అప్పట్నించీ నాతోనే ఉంది. శనివారం నలుగురి ముందూ పెట్టేస్తాను, ఆ తరవాత వాళ్ళిష్టం.

కొత్తవాళ్ళ కోసం లైబ్రరీ ముందు నేనే బోర్డు రాశాను. "కథలు రాసుకునేవాళ్ళకి" అని పైన పెట్టబోతే చోటు చాల్లేదు. ఉన్నంతలో సర్దాను: "తోడు కావలెను. లోపల విచారించండి." ఆరుగురొచ్చారు! ఇద్దరు ఆడవాళ్ళు తమ వివరాలు కాగితం మీద రాసుకుని మరీ వచ్చారు. ఒకాయన తనకి కాదంటూ అత్తగారిని వెంటబెట్టుకొచ్చాడు. వచ్చినవాళ్ళని పొమ్మనలేక అందర్నీ కూర్చోబెట్టి కలాలిచ్చాం. ముగ్గురు ఉండిపోయారు. ఆ అత్తగారు ఎంత బాగా రాస్తుందనుకున్నావు! ముఖ్యంగా అల్లుడి గురించి.

ఇట్లు,
మీ బావ

తా.క.: ఉండిపోనివాళ్ళలో ఒకావిడ వెళ్తూ వెళ్తూ నాకు సొంతిల్లుందా అని అడిగింది. ఉందన్నాను. ఎన్ని గదులంది. కథలకీ గదులకీ ఏం సంబంధమో నాకు అర్థం కాలేదు.

*

గౌరవనీయులైన బావగారికి,

నమస్కారములు. తమరి ఉత్తరం అందినది. షాపులో చదవడం మొదలుపెట్టాను. సగం దగ్గర నేను కాగితం కింద పెట్టేస్తే పోస్ట్‌మాస్టరుగారు అందుకుని పూర్తి చేశారు.

ఎర్ర గొడుగు ఆవిడకి నా నమస్కారాలు చెప్పండి. మీరు మళ్ళీ పెళ్ళి చేసుకోకూడదనడానికి నేనెవర్ని? కానీ బోర్డు పెట్టి వెతుక్కునేంత ఒంటరిగా ఉన్నారని ఒక్క ముక్క నాకు రాసి ఉంటే సరిపోయేది. షాపు మూసేసి నేనే వచ్చేవాణ్ణి కదా.

నాదొకటే కోరిక. ముందుగదిలో గడియారం కింద ఉన్న అక్క ఫోటో ఆవిడకి అడ్డమనిపిస్తే, నాకు పంపండి. ఇక్కడ పెద్దద్దం పక్కన చోటు చేశాను. పొద్దస్తమానం మనుషులు, మాటలు. అక్కకి కాలక్షేపమవుతుంది.

మీకెప్పుడూ చెప్పలేదు. నెల మొదటి వారంలో అక్క ఉత్తరం వచ్చేది. ఇప్పటికీ ఆ వారం పోస్ట్‌మాన్ వీధి మలుపు తిరిగితే, చేతిలో పని వదిలేసి లేచి నిలబడతాను. వాడు పాపం తల అడ్డంగా ఊపుకుంటూ వెళ్ళిపోతాడు.

ఇట్లు,
తమ విధేయుడు (ఒకప్పటి బావమరిది)

తా.క.: పెద్దమ్మకి చెప్పక తప్పలేదు. ఆవిడ బయల్దేరింది. ఆపబోతే నన్నొకటి వేసి మరీ బస్సెక్కింది. షాపులో చేతులెత్తించి చూశాం. మీ పెళ్ళికి అనుకూలం తొమ్మిది, వ్యతిరేకం రెండు. ఒకటి నాది. రెండోది ప్లంబరు భార్యది. మొగుడి జుట్టు సంగతి అడగడానికొచ్చి, ఓటేసి వెళ్ళింది.

*

ఒరేయ్ పిచ్చి సన్నాసీ,

ఈ వయసులో నాకు పెళ్ళేమిట్రా? ఎర్ర గొడుగు ఆవిడ కాగితం మీది మనిషి! కథలో మనిషి! నేనే పుట్టించాను, నిన్న నేనే చింపేశాను. నాలుగు పేజీలు దర్జాగా నడిచి, ఐదో పేజీలో మీ అక్క నవ్వినట్టు నవ్వబోయింది. ఇంక ఆవిడెందుకు?

మీ పెద్దమ్మ శనివారం సరిగ్గా మూడు గంటలకి దిగింది. ఇంటికి తాళం చూసి, అడుగుకొకర్ని అడుగుతూ లైబ్రరీకే వచ్చేసింది. చేతిసంచీ కింద పెట్టకుండానే నర్సమ్మని పట్టుకుని, "నా బిడ్డ చోట్లో ఇంకొకత్తిని తెచ్చి కూర్చోబెట్టడానికి నీకెన్ని గుండెలు?" అని మొదలుపెట్టి పావుగంట దులిపేసింది. మీ అక్క పుట్టుక దగ్గర్నించి పోయిన రోజుదాకా ఒక్కటీ వదల్లేదు. కొత్త సభ్యురాలు తన రాత చూడకుండా చెబుతోందనుకున్నారు మావాళ్ళు. ఎవరూ అడ్డు తగల్లేదు. అయిపోయాక లైబ్రేరియను కళ్ళు తుడుచుకుని, "చాలా బలంగా ఉందండీ. మొదలు మాత్రం కాస్త కుదించాలి," అన్నాడు.

ఆవిడ ఎనిమిదో మనిషి. గది మాకే దక్కింది.

ఇక నీకొక్కడికే రాస్తున్న మాట. లోపం దొరకడం లేదని రాశాను. అసలు ఏదీ దొరకడం లేదురా. "ఆమె ఇలా అంది" అని రాస్తాను. కలం ఆగిపోతుంది. ఏమంది? ఏ గొంతుతో అంది? బోర్డు రాసినట్టు రాసుకొచ్చాను ఆవిణ్ణి. పెద్ద అక్షరాలు, శుభ్రమైన గీతలు, ఎంత దూరం నుంచి చూసినా ఒకేలా కనబడతాయి. దగ్గరికి పోతే రంగే, మనిషి లేదు. నువ్వూ అలాగే మర్చిపోతే మనిద్దరికీ మిగిలేది ఆ బోర్డే. మంచి మాటే అక్కర్లేదు. నిన్ను తిట్టిన తిట్టొకటి గుర్తుంటే అదైనా రాసి పంపు.

ఇట్లు,
ఎప్పటికీ నీ బావ

తా.క.: మీ పెద్దమ్మ ఇంక తిరిగి వెళ్ళనంటోంది. వచ్చే శనివారం తన వంతట. లైబ్రేరియను సెలవు పెడదామా అని ఆలోచిస్తున్నాడు.

*

బావా,

తప్పయిపోయింది. నీ ఉత్తరం ఈసారి షాపులో చదవలేదు. మధ్యాహ్నం షట్టరు దించి, ఒక్కణ్ణే చదువుకున్నాను.

అక్క నాకు ఇరవై రెండేళ్ళు ఉత్తరాలు రాసింది. ఒక్కటీ పారేయలేదు, దువ్వెనల సొరుగులో ఉన్నాయి. సగం నీ మీద ఫిర్యాదులే కాబట్టి నీకెప్పుడూ చూపించలేదు. మూడు రోజులుగా అవే తిరగేస్తున్నాను. మీవాళ్ళు లోపం అడిగారు కదా, ఉంది. మా అక్క అబద్ధమాడేది. తన మాటలే దింపుతున్నాను. అసలు కాగితం మాత్రం నేనివ్వను.

"తమ్ముడూ, మీ బావ పొద్దున్న నిచ్చెనెక్కితే సాయంత్రం దిగుతారు. దిగాక పేపరు. ఇక ఇంట్లో నేనున్నానో లేనో ఆయనకి పట్టదు. అందుకని ఒక ఉపాయం పన్నాను. చిరుగులు కుట్టడానికి కూర్చుని, 'ఏమండీ, కళ్ళు ఆనడం లేదు, కాస్త ఈ దారం ఎక్కించి పెట్టరూ' అంటాను. పేపరు పక్కనపడేసి వచ్చి నా పక్కన కూర్చుంటారు. నా కళ్ళకేం, నిక్షేపంలా ఉన్నాయి. ఎదురింటి గోడ మీద చీమల్ని లెక్కపెట్టగలను. పాపం ఆయనకే వయసు మీద పడుతున్నట్టుంది. బోర్డు మీద వెంట్రుకంత గీత గీసే మనిషి, సూది దగ్గర ఐదారుసార్లు తప్పుతారు. తప్పనీ, నాకేం తొందర? ఆ కాసేపూ ఏవో కబుర్లు చెబుతారు. ఈ సంగతి నీలోనే ఉంచుకో. తెలిస్తే పొద్దున్నే డజను సూదులకి దారం ఎక్కించి పెట్టి మరీ పనికి పోతారు. అలాంటి మనిషి ఆయన."

ఇన్నేళ్ళూ నాలోనే ఉంచుకున్నాను బావా. ఇవాళ అక్కకిచ్చిన మాట తప్పాను.

ఇట్లు,
నీ బావమరిది

తా.క.: నిన్ను తిట్టినవన్నీ విడిగా కట్ట కట్టాను. ఉత్తరంలో పట్టవు, పార్సిలు చేయాలి.

*

చిరంజీవి బావమరిదికి,

సంఘంలో నేను చదవలేకపోయాను. నర్సమ్మ చదివింది. చదివాక బాగోగులు చెప్పాలి కదా. పళ్ళ డాక్టరు, "ఇన్ని వారాల్లో మీరు తెచ్చినవాటిలో ఇదొక్కటే కథండీ. ఇది మీరు రాసింది కాదు," అన్నాడు. మీ పెద్దమ్మ కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. ఆ అత్తగారు మాత్రం, పాపం కొత్తగా చేరింది, తనకేం తెలుసు? "చాలా బాగా రాస్తోందే ఈవిడ. వచ్చే శనివారం వస్తుందా?" అని అడిగింది.

నేను నియమం ప్రకారం నోరు మూసుకున్నాను.

తిట్ల కట్ట పార్సిలు చేయకు. నువ్వే పట్టుకురా. వచ్చి పక్కన కూర్చుని చదివి వినిపించు. నీ గొంతులో అక్క గొంతు కొంచెం ఉంది. మీ పెద్దమ్మ కూడా అదే అంటోంది.

ఇట్లు,
మీ బావ

తా.క.: ఇది సంఘంలో చెప్పలేదు, నీ షాపులోనూ చదవకు. ఏదీ దొరకడం లేదని నీకు రాశాను కదా, ఒకటుంది. రాస్తే అదీ బోర్డైపోతుందని దాచుకున్నాను. ఒకనాడు వానకి పనాగిపోయి తొందరగా ఇంటికొచ్చాను. కిటికీలోంచి చూద్దును కదా, మీ అక్క దారం కొన నోట్లో తడిపి, ఒక్క దెబ్బకి సూదిలోకి ఎక్కించేసింది. నేను చప్పుడు చేయకుండా వెనక్కి తిరిగి, ఆ వానలోనే వీధి చివరిదాకా నడిచొచ్చి, అప్పుడు తలుపు కొట్టాను. సాయంత్రం యథాప్రకారం పిలిచింది. ముప్పై ఏళ్ళు గీత వంకరపోని చెయ్యిరా నాది, సూది బెజ్జం తప్పుతుందా? ఆ సాయంత్రం తప్పించాను. ఆ తరవాత రోజూ తప్పించాను.