రహస్య ప్రశ్నకు జవాబు

బావగారికి,

క్షేమమా అని అడగను. ఎదురు షాపులోంచి మీ నవ్వు వినిపిస్తూనే ఉంది.

మన బోర్డుల షాపు వదిలి, ఎదురుగా సొంత షాపు పెట్టుకోడానికి పోతూ పోతూ కంప్యూటరు కూడా పట్టుకుపోయారు. మేం వేరే రకం కొనుక్కున్నాం. స్టిక్కర్ అక్షరాలు కోసే సాఫ్ట్‌వేర్ అందులో నడవాలంటే లైసెన్సు మార్పించాలి. అదేమో మీ పేరు మీదుంది. సంతకం అడిగితే, "నేను లేకుండా మీ మిషను ఒక్క అక్షరం కొయ్యదురా" అని ఫోను పెట్టేశారు.

మీ సంతకం అక్కర్లేకపోయింది. మీరు కొన్నప్పుడు పెట్టుకున్న రహస్య ప్రశ్నకు జవాబు చెబితే చాలంది కంపెనీ. "మీకు అందరికన్నా ఇష్టమైన వ్యక్తి ఎవరు?" ఇదీ ప్రశ్న.

అక్క మురిసిపోతూ తన పేరు కొట్టింది. తప్పంది. పిల్లల పేర్లు కొట్టాం, అవీ తప్పే. మీ అమ్మగారి పేరూ తప్పే. ఒళ్లు మండి మీ పేరే కొట్టాను. ఠక్కున తెరుచుకుంది.

లైసెన్సు ఎవరి పేరుకు మార్చాలని అడిగితే అక్క, "నా పేరు పెట్టరా. ఇంటి గుమ్మం మీదున్న ఆయన పేరు బోర్డు కూడా మార్చెయ్" అంది.

మిషను మొదట కోసింది ఆ అక్షరాలే. సాయంత్రం ఇంటికొచ్చినప్పుడు, పేరు చదువుకుని తలుపు కొట్టండి.

ఇట్లు,
బావమరిది