ముఖమెటో తెలియని ఇంజను

టాంపినీస్

చిరంజీవి సుధాకరరావుకు మీ బావ సీతారామారావు దీవించి రాస్తున్నది.

మా ఇంటి పూజలో నేను తెచ్చిన టెంకాయ కుళ్ళిపోయిన విషయమై మనిద్దరం ఫోన్లో అరుచుకున్నప్పట్నుంచి, "ఇక మాటలొద్దు, ఉత్తరాలు రాసుకోండి. రాసేటప్పుడైనా ఆలోచిస్తారు" అని మీ అక్క రాధ శాసనం. అందుకే ఈ కాగితం.

నా ఇంజను పూర్తయింది. మీ అక్క బట్టలారేసుకునే చోట ఇన్నేళ్ళు ఆకురాయి పట్టుకుని కూర్చున్నందుకు ఫలితం దక్కింది. వెనకటికి ఇంగ్లీషువాళ్ళు కొండల మీద రెండడుగుల వెడల్పు పట్టాలు వేసి నడిపిన గ్యారట్ ఇంజనుకిది నమూనా. చిన్నదే, కానీ మనుషుల్ని లాగుతుంది. మూడు ముక్కలుగా ఉంటుంది. ముందొక ఇంజను, వెనకొకటి, నడుమ బాయిలరు, ఇద్దరు బోయీలు మోసే పల్లకీలాగ. అంత బుల్లి పట్టాల మీద అంత బరువు లాగే ఉపాయం కనిపెట్టిన బుర్రకి దండం పెట్టాలిరా.

బుకిట్ తీమాలో మిత్రుడు టాన్ గారి పెరట్లో దీనికి సరిపడే పట్టాలున్నాయి. కానీ ఆయన ఇల్లు అమ్మేశారు. కొన్నావిడ పట్టాలు పీకించి ఈతకొలను తవ్విస్తుందట. వచ్చే నెల మొదటి ఆదివారమే ఆఖరి అవకాశం. ఆ రోజు నడవకపోతే నా ఇంజను జన్మంతా షోకేసులోనే. మీ అక్కేమో వాహనపూజ కానిదే నిప్పు రాజెయ్యనివ్వనంటోంది. వారమంతా వన్-నార్త్‌లో సాఫ్ట్‌వేరు కోడు రాసుకుని ఆదివారాలు పౌరోహిత్యం చేసే బావమరిది ఉండగా ఈ పరాయి దేశంలో నేను వేరేవాళ్ళని వెతుక్కోవాలా?

ఇట్లు,
మీ బావ

తా.క. టెంకాయ నువ్వే తెచ్చుకో.

---

యూ టీ

పూజ్యులైన బావగారికి సుధాకరం నమస్కారాలు.

ఉత్తరం చదివి చాలా బాధపడ్డాను. అంత కష్టపడి చేస్తే తీరా మూడు ముక్కలైందా! ఎలా పడేశారు?

ఏమీ అనుకోకండి, భిన్నమైనదానికి పూజ చెయ్యకూడదు. విరిగిన విగ్రహాన్ని నీళ్ళలో కలుపుతాం గానీ బొట్టు పెట్టం కదా. ముందు వెల్డింగు చేయించండి. జురాంగ్‌లో నాకు తెలిసిన కుర్రాడున్నాడు. వాడు అతికిస్తే ఇంక ఎటూ కదలదు.

విధేయుడు,
సుధాకరం

తా.క. సంగతి అక్కకి నెమ్మదిగా చెప్పాను. మీరు ధైర్యంగా ఉండండి.

---

టాంపినీస్

ఒరేయ్ సుధాకరం,

మీ అక్క నిన్నట్నుంచి నన్ను రోగిని చూసినట్టు చూస్తోంది. రెండు పూటలా పెరుగన్నమే. ఇంజను విరగలేదురా, దాని పుట్టుకే అంత!

పొడుగాటి ఇంజను ఏకండీగా ఉంటే కొండ మలుపులో పట్టా దిగిపోతుంది. పొట్టిదైతే బరువు లాగలేదు. అందుకని చక్రాల్ని రెండు జట్లు చేసి, బాయిలర్ని మధ్యలో వేలాడదీశారు. కింద చక్రాల్లేవు కాబట్టి బాయిలరు బొద్దుగా, పొయ్యి లోతుగా చేసుకోవచ్చు. మలుపొస్తే ఎక్కడికక్కడ వంగుతుంది. కొండ దిగేటప్పుడు ఇంజన్ని తిప్పి కట్టే పని కూడా లేదు, ఎటైనా ఒకటే నడక. ఎంత అందమైన ఆలోచన! నీ వెన్నెముకలో ముప్పై పైగా ముక్కలున్నాయి. అయినా మామగారు నీకు ఉపనయనం చేశారా లేదా?

కోపంతో,
బావ

తా.క. వెల్డింగు కుర్రాడు ఫోన్ చేశాడు. వాడికి నా నంబరిచ్చినవాళ్ళ నోరు ముందు అతికించమన్నాను.

---

యూ టీ

బావగారికి నమస్కారాలు. వెన్నెముక మాటతో నా నోరు మూతపడింది. పూజ చేస్తాను.

కానీ ఎటైనా ఒకటే నడక అన్నారు. మరి ముఖమెటు? బొట్టెక్కడ పెట్టను? నిమ్మకాయలు ఏ చక్రాల కింద పెట్టను? ఒక బండికి వెనకవైపు పూజ చేశానని తెలిస్తే ఈ ఊళ్ళో నన్నెవరైనా మళ్ళీ పిలుస్తారా? రెండు తలల గండభేరుండ పక్షికి పూజ చెయ్యాల్సొస్తే ఎటు కూర్చోవాలని మా పెదనాన్నగారికి ఫోన్ చేసి అడిగాను. ఆయన నా ఆరోగ్యం ఎలా ఉందని అడిగారు.

చివరికి పొగగొట్టం ఉన్నవైపే ముఖమని నిర్ణయించాను. ఆదివారం ఎనిమిదింటికి వస్తాను. పుంగోల్‌లో గృహప్రవేశం ఉంది, టెంకాయ కొట్టగానే వెళ్ళిపోవాలి.

మీ
సుధాకరం

తా.క. నిమ్మకాయలు బాగా పెద్దవి తెస్తున్నాను. మీ ఇంజన్ని చిన్నచూపు చూశాననే మాట నాకొద్దు.

---

టాంపినీస్

ప్రియమైన సుధాకరానికి ఆశీస్సులు.

నువ్వు వెళ్ళాక ఏం జరిగిందో చెబుతాను విను. ఆవిరి నిండింది. రెగ్యులేటరు తెరిచి ఆవిరి వదిలాను. చక్రాలు గిరగిరా తిరిగాయి గానీ ఇంజను అంగుళం కదల్లేదు. నీ నిమ్మకాయలు నా చక్రాలంత ఉన్నాయి! తీసేద్దామంటే మీ అక్క ఒప్పుకోదు. "పూజ చేసినవి చేత్తో తీస్తారా? శుభమా అశుభమా?" అంది. టాన్ గారు గడియారం చూసుకుంటున్నారు.

అప్పుడు గుర్తొచ్చింది, నేను చేసింది గ్యారట్ కదా అని. లివరు రెండో వైపుకి తిప్పాను. ఏ బెంగా లేకుండా వెనక్కి బయల్దేరింది. మామిడిచెట్టు దగ్గర మలుపులో మూడు ముక్కలూ ఒకదాని తర్వాత ఒకటి వంగుతుంటే కళ్ళనీళ్ళు ఆగలేదు. నిజం చెబుతున్నాను, ఏడ్చాను. నా వెనక పెట్టె మీద కూర్చున్న మీ అక్క నా భుజం పట్టుకుని, "ఆపకండి, ఇంకా పోనివ్వండి" అంది. ఇన్నేళ్ళలో నా ఇంజను గురించి ఆవిడ అన్న మొదటి మంచిమాట.

అంతలో ఇల్లు కొన్నావిడ, మేడమ్ ఓంగ్, ఈతకొలనుకి కొలతలు తీసుకోవడానికి మేస్త్రీని వెంటబెట్టుకుని దిగింది. మన పని అయిపోయిందనుకున్నాను. ఆవిడ పట్టాల మీద పసుపు, కుంకుమ, అగరొత్తులు, పగిలిన టెంకాయ చూసి అక్కడే నిలబడిపోయింది. "ఇక్కడ ప్రేయర్ చేశారా?" అంది. మీ అక్క గర్వంగా ఔనంది. ఆవిడ మేస్త్రీ చేతిలో టేపు లాక్కుంది. "ఆల్రెడీ ప్రేయ్డ్, కెనాట్ డిగ్ లా!" అంది. పూజ జరిగిన నేల తవ్వితే ఇంటికి మంచిది కాదట. కొలను రద్దు. పట్టాలు అలాగే ఉంటాయి, ప్రతి ఆదివారం వచ్చి నడుపుకోమంది.

నువ్వు పూజ చెయ్యకుండా ఉంటే నా ఇంజనుకి అదే మొదటి పరుగు, అదే ఆఖరిది. నీ రుణం ఉంచుకోను. ఇంజను నడపడం నేర్పుతాను.

ఎప్పటికీ నీ బావ,
సీతారామారావు

తా.క. ఇది ఏ దేవుడని మేడమ్ ఓంగ్ అడిగింది. మీ అక్క తడుముకోకుండా "గ్యారట్" అంది. ఈ ఆదివారం ఆవిడ చుట్టాలంతా దర్శనానికొస్తున్నారు. పంచె కట్టుకుని రా, అర్చకుడివి నువ్వేనని చెప్పేశాం.