లైట్ డ్యూటీ

1983 ఫిబ్రవరి 9

మిర్చి సీజన్. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ట్రంక్ కాల్స్ బోర్డు మీద ఊపిరి తీసుకోనివ్వడం లేదు. గుంటూరు, బొంబాయి, నాగపూర్. అందరికీ అర్జెంటే. పక్క సీటు అరుణ లీవులో ఉంది, ఆమె బోర్డు కూడా నాదే. హెడ్‌సెట్ తీసినా చెవిలో గొంతులు ఆగవు. ఇంటికి వచ్చి కంచంలో అన్నం పెట్టుకుని, తినడం మరిచాను.

ఫిబ్రవరి 14

మా ఆయనకు రైల్వే మెడికల్ పరీక్షలో గుండె బాగాలేదని రాశారు. ఇరవై ఏళ్లుగా స్టీమ్ ఇంజిన్ ఫైర్‌మన్. డోర్నకల్ దాకా పారతో బొగ్గు వేస్తూ పోయి, వేస్తూ తిరిగి వచ్చేవాడు. ఇక ఇంజిన్ ఎక్కొద్దట, బరువు ఎత్తొద్దట. కాజీపేట షెడ్ ఆఫీసులో లైట్ డ్యూటీ. జీతం తగ్గదు. మంచిదే అన్నాను.

ఫిబ్రవరి 22

లైట్ డ్యూటీలో పనేమిటని అడిగాను. బెల్లు కొడితే లేవాలట. బెల్లు ఎవరూ కొట్టరట.

మార్చి 3

నైట్ డ్యూటీ చేసి వచ్చేసరికి మంచం మీద కూర్చుని అరచేతులు చూసుకుంటున్నాడు. నిద్రపోయినట్టు లేదు. కాయలు మెత్తబడుతున్నాయి. "ఇవి నావి కానట్టున్నయే" అన్నాడు. జాలి పడేంత ఓపిక కూడా లేదు నాకు. పడుకున్నాను.

మార్చి 11

ఒక్కరోజు లీవు అడిగాను. సూపర్‌వైజర్ రాజేశ్వర్ రావు గారు బోర్డు వైపు చూపించి, "నువ్వు పోతె వీళ్లందరికి ఎవరు పలుకుతరమ్మా" అన్నారు. కోపం కూడా రాలేదు.

మార్చి 19

గ్రెయిన్ మార్కెట్ వ్యాపారి రాంచందర్ గుంటూరు కాల్ బుక్ చేశాడు. మా వీధివాడే. నా గొంతు గుర్తుపట్టాడు. లైన్ కోసం ఆగినప్పుడు చెప్పాడు: "వదినా, నాకు ఫికరైతాంది. అన్న డ్యూటీ దిగంగనె మా గోదాంకు వస్తాండు. హమాలీలతోని బస్తాలు మోస్తాండు. వద్దంటె ఇనడు. కూలిస్తె తీస్కోడు."

గుంటూరు దొరికింది. కలిపాను. తర్వాత బొంబాయి కలిపాను, నాగపూర్ కలిపాను. షిఫ్ట్ అయ్యాక గానీ ఆ మాట తలకెక్కలేదు.

గోదాముకు పోయాను. వీపు మీద మిర్చి బస్తా, మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి. ముఖం మాత్రం తేటగా ఉంది. చచ్చిపోతావన్నాను. "ఉత్తగ కూసునుడు కంటె నయం" అన్నాడు. ఇంటికొచ్చి కడుపు నిండా తిన్నాడు. ఒరగగానే గురక. లేపి, రేపటి నుంచి పోవద్దని గట్టిగా చెప్పాలి. లేపబుద్ధి కాలేదు.

మార్చి 26

గోదాములో పడిపోయాడు. బోర్డు మీద ఉండగానే ఫోన్ వచ్చింది. దవాఖానలో చేర్చారు. ప్రాణానికి భయం లేదన్నారు.

మార్చి 28

అడగకుండానే లీవు ఇచ్చారు. మందులు నర్సు భారతి ఇస్తుంది. అన్నం ఆడబిడ్డ తెస్తుంది. నేను మంచం పక్కన చాప మీద కూర్చుంటాను. ఇన్నాళ్ల నిద్ర అంతా ఇప్పుడు వస్తుందనుకున్నాను. రావడం లేదు. చేతులు ఒళ్లో పెట్టుకున్నాను. తీశాను. మళ్లీ పెట్టుకున్నాను. ఒంటి మీద ఏదో పాకుతున్నట్టు ఉంది.

మార్చి 29

ఆగలేక భారతిని ఏదైనా పని ఇవ్వమన్నాను. వింతగా చూసి, ఉతికి ఆరేసిన బ్యాండేజీ గుడ్డలు ఒళ్లో పోసింది. వాటిని ఉండలుగా చుడుతూ కూర్చున్నాను. తలెత్తితే ఆయన నన్నే చూస్తున్నాడు.

"నాకు గూడ రెండియ్యే" అన్నాడు.

ఇచ్చాను.