కాగితం తెల్లగానే ఉంది

అక్కా,

మా ల్యాబులో గడువు దగ్గరపడిన ఈథర్ సీసాను పరీక్షించడానికి భయపడితే ఉద్యోగం మానేసి వస్తానని నీకు మాటిచ్చాను కదా. ఈరోజు ఆ పని నాకే పడింది!

ఈథర్ నిలవుంటే పేలే పెరాక్సైడ్ పుడుతుంది. మూత చుట్టూ స్ఫటికాలు లేవని చూసుకునే తెరిచాను. పరీక్ష కాగితం ముంచి ఆరనిచ్చాను. ఇక దానిమీద నోటి ఆవిరి పట్టాలి. నీలం తిరిగితే పెరాక్సైడ్ ఉన్నట్టే. తీరా చూస్తే నాకు ఊపిరే రాలేదు!

"హా అనమ్మా తల్లీ! ఇక్కడ నా ఊపిరి కూడా ఆగేలా ఉంది," అన్నారు వెనక నిలబడ్డ మా పెద్దసారు.

పక్కున నవ్వేశాను. ఒక్క హా అడిగితే పది వచ్చాయి. కాగితం తెల్లగానే ఉంది!

నాకోసం ఖాళీ చేసిన గదిలోకి మేకపిల్లల్ని మళ్లీ తోలెయ్యి.

నీ చెల్లెలు