గోడ మీద ఖాళీ చోటు

కౌన్సిలర్ ఉమామహేశ్వర గారికి,

నమస్కారాలు. మీ మనుషులు మా ఇంటి గోడ మీద "వచ్చే ఎన్నికల దాకా ఈ గోడ మా పార్టీకే" అని రాసిపోయి ఏడాదైంది. అది చూసి కూడా, కాలేజీలో చదివే మా మనవరాలు అక్కడే బొమ్మలు గీసింది. బేతంచెర్లలో నలభై ఏళ్లు బండలకు పాలిష్ పట్టిన మా ఆయన, సందు చివర బొరుగుల ఉగ్గాని అమ్మిన అంజనమ్మ, ఆటో నడిపిన రెహమాన్, ముగ్గురూ నిలబడి మాట్లాడుకుంటున్నట్టే ఉన్నారు.

నిన్న మీ మనుషులు సున్నం బకెట్లతో వచ్చారు. "ఎవురినడిగి గోడ పాడు చేసినారమ్మా?" అన్నారు.

"ఇల్లు మాదే కదప్పా" అన్నాను.

"ఇల్లు మీదే, గోడ మాది" అన్నారు.

సున్నం కొట్టొద్దని బతిమాలితే, మీకు ఫోన్ చేసి, మీ మాటగా నాకు చెప్పారు: "మా ఉమామహేశ్వరన్న బొమ్మ గూడా ఈళ్ల మధ్యలో ఏపియ్యమ్మా. అప్పుడు ఇది కళ. లేకుంటే గోడ పాడు చేసినట్టే."

నాకు సంతోషమే. మా ఆయనకూ అంజనమ్మకూ నడుమ మీకు చోటు వదిలిపెట్టాం. మనవరాలే కాస్త సందేహిస్తోంది. ఈ గోడ మీద అది ఇంతవరకూ మన వీధిలో చనిపోయినవాళ్లనే గీసింది.

మీకేమీ అభ్యంతరం లేకపోతే, మంచి ఫోటో ఒకటి పంపగలరు.

ఇట్లు,
మీ వార్డు ఓటరు