అత్తగారి వేలికెక్కిన రాయి

అన్నయ్యా,

నువ్వు సానపట్టి పంపిన టూర్మలిన్ రాయి అందింది. అంత అరుదైన రాయి నాకు దక్కిందని పొంగిపోయి, వెంటనే ఉంగరం చేయించుకున్నాను. ఇప్పుడది నా దగ్గర లేదు. కంగారుపడకు, ఇంట్లోనే ఉంది.

మామగారు పోయాక మా అత్తగారు గది దాటి రావడం మానేశారని నీకు తెలుసుగా. మొన్న ఉంగరం చూపిస్తే, "ఆకుపచ్చ బాగుందే" అన్నారు.

"నీలం కదా అత్తయ్యా!"

"నాకు కళ్లు లేవనుకున్నావా? పద, ఎండలో తేల్చుకుందాం" అంటూ దాన్ని వేలికి తొడుక్కుని వరండాలోకి నడిచారు. చేయి ఇటు తిప్పితే నీలం, అటు తిప్పితే పచ్చ! పకపకా నవ్వేశారు. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో!

ఇప్పుడు రోజూ వరండాలో కూర్చుని, దారిన పోయేవాళ్లను పిలిచి మరీ "ఇదేం రంగో చెప్పండి" అని పందెం కాస్తున్నారు. నిన్న పక్కింటావిడతో బజారుకు కూడా వెళ్లొచ్చారు.

ఉంగరం అడగడానికి నాకు నోరు రాలేదు. ఆవిడే అన్నారు: "ఇది నీదని తెలుసే. అయినా ఇవ్వను." ఇద్దరం కడుపుబ్బ నవ్వుకున్నాం.

ఇలాంటిది ఇంకొకటి దొరకడం కష్టమని నువ్వే అన్నావు. అయినా వెతుకు. దొరికితే మాత్రం ఇంటికి కాదు, మా ఆఫీసుకు పంపు.

నీ చెల్లెలు